ఆలు లేదు, చూలు లేదు, ప్రాసెసర్ పేరు నోవా లేక్

మా మేనల్లుడు ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాడు. ఇల్లు గాజువాకలో. లాప్‌టాప్ కొనుక్కోమని వాళ్ళ నాన్న బ్యాంకులో డబ్బు వేసి ఎనిమిది నెలలు దాటింది. ఆ డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉంది. "కొత్త చిప్ వస్తోంది మావయ్యా, ఇంకో రెండు నెలలు ఆగుతాను" అనేది వాడి పాట. మొదట ఇంటెల్ కంపెనీ పాంథర్ లేక్ చిప్ కోసం ఆగాడు. 2026 జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగే సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో అది రానే వచ్చింది. ఇప్పుడు దాని తర్వాతి చిప్ నోవా లేక్ కోసం ఆగుతున్నాడు. ఈలోగా కాలేజీ ప్రాజెక్టు పని స్నేహితుడి లాప్‌టాప్ మీద నడుస్తోంది.

వాడిని వెక్కిరించే అర్హత నాకు లేదు. పొద్దున్నే రాశిఫలాల కన్నా ముందు నేనూ రాబోయే చిప్పుల గురించి ముందే బయటికి పొక్కే లీకులే చదువుతాను. అయితే ఇన్నేళ్ళు చదివాక ఒక సంగతి తేలింది. ఈ జోస్యాలు చాలావరకు నిజమవుతాయి. కానీ అవి చెప్పే తేదీ వేరు, మనకు కావలసిన తేదీ వేరు.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అనే సామెత ఈ వ్యాపారానికి అతికినట్టు సరిపోతుంది. చిప్ పుట్టడానికి రెండు మూడేళ్ళ ముందే దానికి పేరు పెడతారు. అలా పెట్టడానికి కారణమూ ఉంది. మదర్‌బోర్డు చేసేవాళ్ళు, ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్ళు ముందుగా సిద్ధం కావాలి కదా. అందుకే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఇంటెల్ ఇంజనీర్లు స్వయంగా చేర్చే కోడ్‌లో రాబోయే చిప్పుల పేర్లు నెలల ముందే బహిరంగంగా కనిపిస్తాయి. నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన లీకు అదే, ఎందుకంటే అది అసలు లీకే కాదు. దాని తర్వాతి స్థానం చిప్ వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్ లాంటి పరీక్షల జాబితాలది. ఎవరో ఒక ఇంజనీరు నమూనా చిప్‌ను పరీక్షించి ఫలితం దాచడం మరిచిపోతాడు. మన దేశపు భారతీయ ప్రమాణాల సంస్థ దగ్గర నమోదైన మోడల్ నంబర్లు కూడా ఫోన్లు, లాప్‌టాప్‌ల రాకను ముందే పట్టిస్తుంటాయి. ఒకప్పుడు ఇంకా విచిత్రంగా ఉండేది. హైదరాబాద్, బెంగళూరు డిజైన్ కేంద్రాలకు పరీక్షల కోసం వచ్చే బోర్డుల వివరాలు మన కస్టమ్స్ రికార్డుల్లోకి ఎక్కేవి. జౌబా అనే దిగుమతుల వెబ్‌సైటులో వాటిని వెతికి, రాబోయే గ్రాఫిక్స్ కార్డు ఏమిటో అమెరికాలోనూ యూరప్‌లోనూ చర్చించుకునేవారు. మన కస్టమ్స్ గుమాస్తా టైపు చేసిన ఒక్క వరుస అక్కడ పెద్ద వార్త.

ముందస్తు అంచనాలు చదవడం విశాఖ వాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటడానికి కొన్ని రోజుల ముందే వాతావరణ శాఖ ఉత్తరాంధ్ర, ఒడిశా తీరం వైపు వేలు చూపింది. తుఫాను దగ్గరపడేకొద్దీ ఆ వెడల్పాటి గీత సన్నబడుతూ మన ఊరి మీదికి వచ్చి నిలిచింది. చిప్పుల పుకార్లను కూడా అలాగే చదవాలి. ఏడాది ముందు వచ్చే మాటలో పేరును నమ్మవచ్చు, రుతువును నమ్మకూడదు. మూడు నెలల ముందు రుతువును నమ్మవచ్చు. నెల ముందు తేదీని నమ్మవచ్చు. ధరను మాత్రం దుకాణం రసీదు చేతికి వచ్చేదాకా నమ్మకూడదు.

ఇక్కడ ఒక తేడా ఉంది. తుఫానుకు వాటాదారులు ఉండరు. కంపెనీ తన ప్రణాళికను బయటపెడుతున్నదంటే అందులో మదుపరులకు ఒక హామీ, పోటీదారుకు ఒక బెదిరింపు కలిసే ఉంటాయి. తొందరపడి చెబితే తన గోతిలో తానే పడవచ్చు కూడా. 1981లో ఆడం ఆస్బార్న్ సుమారు 11 కిలోల బరువున్న మోసుకెళ్ళే కంప్యూటర్‌ను 1,795 డాలర్లకు అమ్మి సంచలనం సృష్టించాడు. 1983 సెప్టెంబరుకల్లా ఆ కంపెనీ దివాలా తీసింది. తర్వాతి మోడల్ గురించి ముందే గొప్పలు చెప్పడంతో జనం ఉన్నదాన్ని కొనడం మానేశారని అంటారు. అసలు కారణాలు వేరని వాదించేవారూ ఉన్నారు. అయినా 'ఆస్బార్న్ ప్రభావం' అనే మాట మాత్రం నిలిచిపోయింది. ఈయన బాల్యం తిరువణ్ణామలైలో గడిచింది. తండ్రి ఆర్థర్ ఆస్బార్న్ రమణ మహర్షి భక్తుడు. ఆడం 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు. ఆశ్రమం నీడన పెరిగినవాడి పేరు చివరికి తొందరపాటుకు మారుపేరు కావడం ఏమి చిత్రమో!

ఇక తేదీల సంగతి. మనం విడుదల అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు సంఘటనలను పిలుస్తున్నాం. వేదిక మీద ప్రకటించడం మొదటిది, ఎక్కడో ఒకచోట అమ్మకం మొదలుకావడం రెండోది, మన బడ్జెట్‌లో మన ఊళ్ళో దొరకడం మూడోది. మొదటిదానికీ రెండోదానికీ మధ్యే బోలెడు దూరం. క్వాల్‌కామ్ తన స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలైట్ చిప్‌ను 2023 అక్టోబరులో ప్రకటిస్తే, లాప్‌టాప్‌లు అమ్మకానికి వచ్చింది 2024 జూన్ 18న. ఇంటెల్ పోటీదారు ఏఎండీ తన జెన్ 5 డెస్క్‌టాప్ చిప్పులకు 2024 జులై 31 అని ముహూర్తం పెట్టింది. తీరా తొలి విడత సరుకు నాణ్యత ఆశించినట్టు లేదంటూ ఆగస్టు 8కీ, 15కీ జరిపింది. అధికారికంగా పెట్టిన ముహూర్తానికే దిక్కులేనప్పుడు లీకువీరులను తిట్టి ఏం లాభం?

వీటన్నిటికీ పెద్దన్న కానన్ లేక్. 10 నానోమీటర్ల తయారీ పద్ధతిలో చేసిన ఈ ఇంటెల్ చిప్ మొదట 2016 నాటికి రావలసింది. వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి 2017లోనే పంపించేశామని 2018 సీఈఎస్‌లో ఇంటెల్ చెప్పుకుంది. ఎవరికి పంపారో, ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ అంతుపట్టలేదు. 2018 మే నెలలో చైనాలో ఒక చౌక లెనోవో లాప్‌టాప్‌లో అది బయటపడింది. లెక్కలు చేసే కోర్లు రెండే, లోపలి గ్రాఫిక్స్ భాగం పనిచేయకుండా ఆపేసి ఉంది. మాట నిలబెట్టుకున్నామని చెప్పుకోవడానికి మాత్రమే పుట్టిన బిడ్డ అది. అప్పటినుంచి కంపెనీలు 'ఏడాది చివరికి' అంటే నాకు డిసెంబర్ 31 రాత్రి హడావిడిగా లారీ ఎక్కుతున్న ఒకే ఒక్క అట్టపెట్టె కనిపిస్తుంది.

ఆలస్యానికి కంపెనీల అలసత్వం ఒక్కటే కారణం కాదు. ఖాళీ సిలికాన్ పలక ఫ్యాక్టరీలోకి వెళ్ళి, వందల దశలు దాటి, చిప్పులతో బయటికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. తొలి నమూనాలో తప్పు దొరికితే సరిదిద్ది మళ్ళీ పంపాలి, మళ్ళీ ఇంచుమించు అంతే కాలం ఆగాలి. అంటే ఒక్క తప్పుకు మూడు నెలల జరిమానా. అందుకే ఈ రంగంలో వాయిదాలు రోజుల్లో కాకుండా త్రైమాసికాల్లో పడుతుంటాయి. క్రమం తప్పదని పేరున్న ఆపిల్ మాత్రం ఏం తక్కువ? దాని చిప్పుల్లో ఎం1 2020 నవంబరులో, ఎం2 2022 జూన్‌లో, ఎం3 2023 అక్టోబరులో వచ్చాయి. ఆ తర్వాత ఏడు నెలలైనా తిరక్కుండా 2024 మేలో ఎం4, మళ్ళీ పదిహేడు నెలలు ఆగి 2025 అక్టోబరులో ఎం5. ఈ వరసలో ఏ పంచాంగం కనిపిస్తుందో మీరే చెప్పండి.

మూడో తేదీ గురించి మాత్రం ఏ లీకూ మాట్లాడదు. ద్వారకానగర్‌లో ఏ కంప్యూటర్ దుకాణానికైనా వెళ్ళి, యాభై వేలలోపు లాప్‌టాప్ అడిగి, దాని మీది స్టిక్కరు చదవండి. కొత్త నంబరు ఉంటుంది కానీ లోపలి చిప్ కొత్తది కావాలని లేదు. ఏఎండీ చిప్ రైజెన్ 5 7520యూనే చూడండి. ముందున్న 7ను చూసి తాజా తరం అనుకుంటాం. ఏఎండీ స్వయంగా ప్రకటించిన పద్ధతి ప్రకారం చూడవలసింది మూడో అంకె. అక్కడున్న 2కు అర్థం జెన్ 2, అంటే 2019లో వచ్చిన నిర్మాణం. 7730యూలో మూడో అంకె 3, అంటే 2020 నాటి జెన్ 3. ఇంటెల్ కూడా కోర్ 5 120యూ అనే కొత్త పేరు కింద పాత రాప్టర్ లేక్ వంశాన్నే అమ్ముతోంది. ఇందులో అబద్ధమేమీ లేదు, ఆ చిప్పులు చెడ్డవీ కావు. కానీ మేనల్లుడు రాత్రంతా మేలుకుని చూసిన వేదికకూ ఈ అద్దాల అరకూ మధ్య కొన్నేళ్ళ దూరం ఉందన్న మాట మాత్రం నిజం. తూర్పు తీరంలో జూన్ 14తో వేట నిషేధం ముగిసి, అర్ధరాత్రి పడవలు కదులుతాయి. ఆ తేదీలో పొరపాటు ఉండదు. వంజరం మన ఇంటి వంటగదికి ఎప్పుడొస్తుందో, కిలో ఎంతకొస్తుందో ఆ తేదీని చూసి ఎవరూ చెప్పలేరు.

ఇన్నాళ్ళూ ఆగేవాడికి ఒక ఓదార్పు ఉండేది. కొత్తది రాకపోయినా పాతది చౌకవుతుందిలే అనుకునేవాళ్ళం. 2025 చివర్లో అది కూడా తలకిందులైంది. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు దాదాపు అన్నీ శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలవే. కృత్రిమ మేధ సర్వర్లకు కావలసిన ఖరీదైన మెమరీ వైపు ఆ మూడూ మొగ్గు చూపడంతో మామూలు కంప్యూటర్ల ర్యామ్‌కు కరువొచ్చి ధరలు ఎగబాకాయి. మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని మైక్రాన్ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. ప్రాసెసర్ ఎప్పుడొస్తుందో లెక్కలు వేసుకుంటూ కూర్చున్నవాడి జేబుకు పక్క దారిలో వచ్చిన ర్యామ్ చిల్లు పెట్టింది.

2025 అక్టోబర్ 14 సంగతి ఇంకా తమాషా. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆ రోజుతో ముగిసింది. చాలా పాత కంప్యూటర్లు విండోస్ 11కు పనికిరావు కాబట్టి వాటి యజమానులు కొత్తవి కొనే ఆలోచనలో పడిన రోజది. అదే రోజు ఢిల్లీలో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం కడతామని ప్రకటించింది. ఊరంతా సంబరపడింది, నేనూ పడ్డాను. ఇలాంటి కేంద్రాలు ప్రపంచమంతటా లేస్తున్నందుకే మన పిల్లవాడి లాప్‌టాప్‌లో మెమరీ ఖరీదవుతోందన్న మాట మాత్రం ఆ సంబరంలో ఎవరూ ఎత్తలేదు.

మరి ఆగడం ఎప్పుడూ దండగేనా? కాదు. 2020 జూన్‌లో ఇంటెల్‌ను వదిలి సొంత చిప్పులకు మారుతున్నామని ఆపిల్ తానే చెప్పింది. ఆ వేసవిలో ఆగినవాళ్ళు నవంబరులో ఎం1 చేతపట్టుకుని బాగుపడ్డారు. అక్కడ మారింది చిప్ పేరు కాదు, జాతి. అలాంటి మార్పు కంపెనీ నోట వస్తే ఆగవచ్చు. లేక్‌ల వరసలో ఇంకో లేక్ కోసం ఆగడం వేరు సంగతి.

నా జోస్యం కూడా చెప్పేస్తాను, తప్పితే నవ్వండి. నోవా లేక్ 2026 చివర్లో అని ఇంటెల్ చెప్పింది. ఆ ఏడాది ముగిసేలోగా ఖరీదైన డెస్క్‌టాప్ మోడళ్ళు కొన్ని కనిపిస్తాయి. మేనల్లుడి బడ్జెట్ లాప్‌టాప్‌లోకి 2027 వేసవికి ముందు రాదు. అప్పటికి వాడి చదువు అయిపోతుంది.

కిందటి ఆదివారం వాడిని ద్వారకానగర్ తీసుకెళ్ళాను. 16 జీబీ ర్యామ్ ఉన్న ఒక మోడల్ నచ్చింది. దుకాణదారు కొటేషన్ రాసి, ధర కింద రెండుసార్లు గీత గీశారు. "సార్, ఈ ధర ఈ రోజుకే. రేపు వస్తే రేపటి ధర చెబుతాను" అంటూ ఆ మాటే కాగితం మీద కూడా రాసి సంతకం పెట్టారు. పెట్టె మీద తయారైన నెల చూశాం, నాలుగు నెలల కిందటిది. మేనల్లుడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నాన్నకు ఫోన్ చేసి వస్తానని బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళేసరికి ఫోనులో ఏదో చదువుతున్నాడు.

"జెన్ 6 సంగతి ఏమైనా తెలిసిందా మావయ్యా?" అన్నాడు.