యాసంగి నీళ్లకు తేదీ చెప్పండి

యాసంగి వడ్లను ఉడకబెట్టకుండా పచ్చిబియ్యంగా ఆడిస్తే నూకవుతాయి. నల్లగొండ జిల్లాలో ఈ సంగతి తెలియని రైతు లేడు, మిల్లరు లేడు. వడ్లను ఉడకబెట్టి ఆడించే ఉప్పుడు బియ్యం ఇక తీసుకోబోమని 2021లో కేంద్రం అన్నాక ఈ నూక రాజకీయమైంది. 2022 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. తర్వాత ప్రభుత్వం మారింది. సన్నాలకు క్వింటాల్‌కు 500 రూపాయల బోనస్ వచ్చింది, 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం వచ్చింది. నూక సమస్య మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ నూకకు బీజం మిల్లులో పడటం లేదు. కాల్వ నీళ్లు వస్తాయో రావో, వస్తే ఎప్పుడొస్తాయో తెలియక నవంబరులో రైతు నారు పోయకుండా ఆగే మూడు నాలుగు వారాల్లో పడుతోంది.

లెక్క చూడండి. ఎంటీయూ 1010, తెలంగాణ సోనా వంటి రకాల పంటకాలం 120 నుంచి 125 రోజులు. యాసంగిలో చలి వల్ల ఇంకో పది, పదిహేను రోజులు కలుస్తాయి. నవంబరు 20న నారు పోస్తే మార్చి మొదట్లో పూత, ఏప్రిల్ మొదటి వారంలో కోత. అదే నారు డిసెంబరు 25న పోస్తే పూత ఏప్రిల్‌కు, కోత మేకు పోతుంది. పూత సమయంలో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పనిచేయదు, వెన్నులో తాలు మిగులుతుంది. పాలుపోసుకునే దశలో వడగాలి తగిలితే గింజ తొందరపడి గట్టిపడుతుంది, లోపల తెల్లమచ్చ వస్తుంది. ఆ మచ్చ దగ్గరే పాలిష్‌లో విరుగుతుంది. ఏప్రిల్‌లో నల్లగొండ ఎండ ఎంతో ఇక్కడి పాఠకులకు చెప్పనక్కర్లేదు.

తర్వాతి దెబ్బ కల్లంలో పడుతుంది. కోతమిషన్ కోసే నాటికి గింజలో 20 నుంచి 22 శాతం తేమ ఉంటే మంచిది. కొనుగోలు కేంద్రంలో మాత్రం 17 శాతానికి మించితే కాంటా పెట్టరు. అక్కడ డ్రయ్యరు ఉండదు. కాబట్టి రైతుకు రెండే దారులు: చేనును నిలువునా ఎండబెట్టడం, లేదా కోసి తారురోడ్డు మీద ఆరబోయడం. రెండింటిలోనూ పగలు గింజ పైపొర ఒక్కసారిగా ఎండి, రాత్రి మంచుకో చెమ్మకో తేమ పీల్చుకుంటుంది. లోపల కంటికి కనిపించని పగుళ్లు పడతాయి. తేమ మీటరు 17 చూపిస్తుంది, తూకం అవుతుంది, మిల్లులో మర తిప్పాక కానీ ఆ పగులు బయటపడదు. నాణ్యత కోసం పెట్టిన నిబంధనే, ఆరబెట్టే వసతి లేనిచోట, నాణ్యతను తీస్తోంది. సన్నాల సీజన్‌లో మిర్యాలగూడ మిల్లర్లు కోతమిషన్ నుంచి నేరుగా పచ్చివడ్లు కొని తమ దగ్గరే ఆరబెట్టుకోవడం వెనుక కిటుకు ఇదే. మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరి టోకెన్లు ఇవ్వాల్సి వచ్చిందంటే, రైతు ఎటు మొగ్గుతున్నాడో అర్థమవుతుంది.

ఇది ఒక జిల్లా గొడవగా సరిపెట్టుకునే విషయం కాదు. దేశంలో 80 కోట్ల మందికి పైగా ఆహార భద్రతా చట్టం కింద తినే బియ్యంలో మన తెలంగాణ వాటా పెద్దది. 2024 వానాకాలంలోనే రాష్ట్రంలో 153 లక్షల టన్నుల వడ్లు పండాయని ప్రభుత్వం ప్రకటించింది. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) లెక్క ప్రకారం క్వింటాల్ వడ్లకు మిల్లరు 67 కిలోల పచ్చిబియ్యం ఇవ్వాలి, అందులో నూక నాలుగో వంతు మించకూడదు. ఆ పరిమితిని 10 శాతానికి దించే ప్రయత్నమూ మొదలైంది. రేషన్ కార్డుదారు దృష్టిలో అది న్యాయమైన కోరిక. మే నెలలో కోసిన యాసంగి గింజ దానికి ఎలా తూగుతుందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. మరోవైపు గోదాములు నిండి, 2025లో కేంద్రం బియ్యాన్ని ఇథనాల్ కంపెనీలకు కిలో 22 రూపాయల 50 పైసలకు ఇచ్చింది. సేకరణ, రవాణా, నిల్వ కలుపుకుంటే అదే కిలో ప్రభుత్వానికి దాదాపు 40 రూపాయలు పడుతుంది. ఇంకో లక్ష ఎకరాల్లో వరి వేయించి గొప్పలు చెప్పుకునే రోజులు పోయాయి. వేసిన వరి నిండు గింజగా బయటికి రావాలి.

ఆలస్యానికి మూలం వానాకాలంలోనే ఉంది. సాంబమసూరి 150 రోజుల పంట. సాగర్ ఎడమ కాల్వకు ఆగస్టులో నీళ్లొచ్చి అప్పుడు నారు పోస్తే కోత డిసెంబరు ఆఖరుకు చేరుతుంది. ఇక యాసంగి జనవరిలోకి జారక ఏమవుతుంది? అదే నీటితో 125 రోజుల తెలంగాణ సోనా వేస్తే డిసెంబరు మొదటి వారానికి పొలం ఖాళీ. 2024 సెప్టెంబరు వరదలో నడిగూడెం మండలం దగ్గర ఎడమ కాల్వకు గండి పడినట్టు అప్పుడప్పుడు ప్రకృతి కూడా తేదీలు మారుస్తుంది. అయితే ఏటేటా మారుస్తున్నది కాగితాల జాప్యమే. శ్రీశైలం, సాగర్‌లలో ఎంత నీరుందో అక్టోబరు ఆఖరుకు అందరికీ తెలుస్తుంది. కృష్ణా బోర్డులో రెండు రాష్ట్రాల వాటాల తగవు తేలేదాకా మన నీటి ప్రణాళికకు మాట పెగలదు. ఒక టీఎంసీ నీరు యాసంగి వరికి పారేది సుమారు ఆరు వేల ఎకరాలు. ఈ గుణకారానికి డిసెంబరు దాకా ఆగనవసరం లేదు.

నవంబరు 1 నాటికి ఏ పిల్లకాల్వకు (డిస్ట్రిబ్యూటరీకి) ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నీళ్లో గ్రామపంచాయతీ గోడ మీద రాయాలని మేము కోరుతున్నాం. నీళ్లు లేకుంటే లేవనే రాయాలి. 2023-24 యాసంగిలో సాగర్ అడుగంటింది, ఆ నిజం ముందే తెలిసినవాళ్లు పెట్టుబడి కాపాడుకున్నారు. డిసెంబరు 15న కాల్వ వదులుతారని ఖాయంగా తెలిస్తే బోరున్న రైతు నవంబరు మూడో వారంలోనే నారు పోస్తాడు, పక్కవాడికీ నారు ఇస్తాడు. చలికి నారు ఎర్రబడకుండా సాయంత్రం మడి మీద పాలిథిన్ పట్టా కప్పి పొద్దున తీసేయాలి. రాత్రి నిలిచిన చల్లటి నీళ్లు తీసి ఉదయం బోరు నీళ్లు పెట్టాలి. ఆలస్యమైనవాళ్లకు, నారు లేకుండా విత్తనాన్ని నేరుగా మడిలో వేసే డ్రమ్‌సీడర్ ఉంది: ఎకరాకు 10 నుంచి 12 కిలోల విత్తనం చాలు, 24 గంటలు నానబెట్టి ముక్కు పగలగానే వేయాలి, మొలక పొడవైతే రంధ్రాల్లోంచి రాలదు. నారు పీకి నాటే దెబ్బ ఉండదు కనుక వారం, పది రోజులు కలిసొస్తాయి. కలుపు మందు మాత్రం విత్తిన మూడు నుంచి ఐదు రోజుల్లో పడాలి. అది తప్పితే మిగిల్చిన కూలీ డబ్బు కలుపుతీతకే పోతుంది.

వారబందీ, అంటే కాల్వ నీళ్లు వంతులవారీగా వదలడం, అనగానే ఆందోళనకు దిగేవాళ్లకూ ఒక మాట. వరికి రోజూ నీళ్లు నిలవాల్సిన పని లేదు. అడుగు పొడవున్న, చుట్టూ రంధ్రాలు పొడిచిన పైపును సగం దాకా మట్టిలో దించి, లోపలి నీరు మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మళ్లీ రెండంగుళాలు పెడితే నాలుగో వంతు దాకా నీరు మిగులుతుంది. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం తడి ఆరనీయొద్దు. ఆన్-ఆఫ్ షెడ్యూలును ఈ పద్ధతికి జోడిస్తే చివరి ఆయకట్టుకూ నీరందుతుంది. బోర్ల కింద అడ్డు, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టరే. కరెంటు ఉచితమైనప్పుడు మోటారు ఆపాలని ఎవరికి తోస్తుంది?

పాలమూరు సంగతి వేరు. జూరాలలో నిండుగా ఉన్నా పది టీఎంసీలు నిలవవు, వరద ఆగాక యాసంగి వరికి భరోసా తక్కువ. మార్చిలో పొట్టకొచ్చిన చేలను ట్యాంకర్లతో తడిపే దుస్థితి అక్కడ కొత్తేమీ కాదు. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల చెలకల్లో సెప్టెంబరు, అక్టోబరుల్లో వేసే వేరుశనగ వరి తాగే నీటిలో సగం కూడా తాగదు. దేశం వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటోంది. అయినా రైతు వరికే మొగ్గుతాడు, ఎందుకంటే వడ్లకు ఊళ్లోనే కాంటా ఉంది. పల్లీకి 2025-26లో ప్రకటించిన మద్దతు ధర క్వింటాల్‌కు 7,263 రూపాయలు. ఆ ధరకు కొనే కేంద్రం ఊళ్లో కనబడితే, కాస్త అడవిపందుల బెడద తగ్గితే, ఎవరూ బతిమాలకుండానే చెలక మళ్లీ పల్లీకి మళ్లుతుంది.

కొనుగోలు కేంద్రాల సంగతి చివరిగా. ముందు కోసిన వడ్లు మార్చి ఆఖరుకే వస్తాయి కనుక మార్చి 15కే తెరవాలి, ఏప్రిల్‌లో కొబ్బరికాయ కొట్టే అలవాటు మానాలి. ఆయకట్టు మండలానికి కనీసం ఒక డ్రయ్యరు పెట్టి, గంటకు ఒక శాతం మించకుండా తేమ దించాలి. అది వచ్చేదాకా టార్పాలిన్ మీద రెండంగుళాల మందంలోపు పోసి, అరగంటకోసారి తిరగేసి, మిట్టమధ్యాహ్నం కప్పి ఉంచమని రైతుకు చెప్పాలి. 20 శాతం తేమతో తెచ్చిన వడ్లను తిప్పి పంపకుండా, అదనపు తేమకు తగ్గ బరువు మాత్రమే లెక్కగట్టి తీసుకోవాలి. బస్తాకు రెండు కిలోల తరుగు పేరుతో ఇప్పుడు అడ్డగోలుగా కోసేదానికన్నా అది రైతుకు తేలిక. ఈ ఏర్పాట్లన్నీ కాల్వ తేదీతో ముడిపడినవే కనుక, అక్టోబరులో నీటి సమావేశానికి పౌరసరఫరాల అధికారులనూ పిలవాలి.