మెడలో వీఐపీ పాస్ ఉంటే రేసు బాగా కనబడుతుందా?

పాస్ ఎంత ఖరీదైతే రేసు అంత బాగా కనబడుతుందని చాలామంది నమ్మకం. క్రికెట్‌కో టెన్నిస్‌కో ఆ లెక్క కొంతవరకు సరిపోతుందేమో గానీ మోటార్ రేసింగ్‌లో మాత్రం చెల్లదు. ఐదారు కిలోమీటర్ల ట్రాక్, మధ్యలో చెట్లు, గుట్టలు, భవనాలు, ఎక్కడ కూర్చున్నా ఒక ముక్కే కనబడుతుంది. అందులోనూ ఫార్ములా వన్ వీఐపీ అతిథులని కూర్చోబెట్టేది ఎక్కువగా పిట్ గ్యారేజీల పైన, అంటే టీమ్‌లు కార్లని సిద్ధం చేసుకునే గదుల పైన, మెయిన్ స్ట్రెయిట్ అనే తిన్నటి దారికి ఎదురుగా. అక్కడ కార్లు గంటకి 300 కిలోమీటర్ల వేగంతో కళ్ల ముందు నుంచి దూసుకుపోతాయి, ఏ కారు ఎవరిదో పోల్చుకునేలోపే అయిపోతుంది, ఆ తర్వాత నిమిషంన్నర పాటు గోడకున్న టీవీయే దిక్కు. ఓవర్‌టేక్‌లు జరిగేది స్ట్రెయిట్ చివర, బ్రేకులు వేసే చోట. అక్కడ మామూలు స్టాండ్ ఉంటుంది, మామూలు టికెట్‌తో వచ్చినవాళ్లు ఉంటారు.

అలాగని వీఐపీ పాస్ దండగని నేను అనను. దానికి ఉన్న విలువ వేరే చోట ఉంది, అది చాలామంది అతిథుల కంట పడటం లేదు, నా బాధ అదే. ఆ పాస్ మనకి రేసు వెనక జరిగే పనిని చూపిస్తుంది. ఆ పని చూడాలన్న ఆసక్తి ఉన్నవాడికి అంతకు మించిన అవకాశం ఇంకోటి దొరకదు, లేనివాడికి అదొక మంచి భోజనం, అంతే.

అసలు ఈ అతిథి మర్యాదల వ్యవహారం పెరిగిందే స్పాన్సర్ల వల్ల. 1968లో బయటి కంపెనీల రంగులు, పేర్లు కార్ల మీదకి రావడానికి దారి తెరుచుకుంది, లోటస్ టీమ్ కార్లు గోల్డ్ లీఫ్ సిగరెట్ రంగుల్లోకి మారిపోయాయి. డబ్బు పెట్టిన కంపెనీ తన డీలర్లని, పెద్ద కస్టమర్లని రేసుకి పిలుచుకోవాలనుకుంటుంది కదా, వాళ్లని ఎండలో మెట్ల మీద కూర్చోబెట్టలేదు కదా. అలా 1984లో ప్యాడక్ క్లబ్ అనే వీఐపీ ఏర్పాటు మొదలైంది. అందుకే ఇప్పటికీ ఆ గదుల్లో బిజినెస్ మాటలు ఎక్కువ వినిపిస్తాయి, అందులో తప్పేం లేదు, ఆ డబ్బుతోనే టీమ్‌లు నడుస్తున్నాయి.

ఇక్కడో తిరకాసు ఉంది, పాస్ తీసుకునే ముందే తెలుసుకోవడం మంచిది. ప్యాడక్ క్లబ్ వేరు, ప్యాడక్ వేరు. క్లబ్ అంటే గ్యారేజీల పైనున్న హాల్. ప్యాడక్ అంటే గ్యారేజీల వెనక టీమ్‌ల ఆఫీసులు, వంటగదులు, డ్రైవర్లు, ఇంజనీర్లు అటూ ఇటూ తిరిగే వీధి. దానికి గేటు దగ్గర స్కాన్ అయ్యే విడి పాస్ కావాలి, అది ఎక్కువగా టీమ్‌ల ద్వారా, స్పాన్సర్ల ద్వారా వచ్చేదే. డ్రైవర్లు పక్కనే తిరుగుతూ ఉంటారని ఊహించుకుని వెళ్లి పైన బాల్కనీలోంచి వాళ్ల హెల్మెట్లు చూసి రావాల్సి వస్తే ఎవరికైనా ఉసూరుమంటుంది.

క్లబ్ పాస్‌తో కచ్చితంగా దొరికేది పిట్ లేన్ వాక్, అంటే గ్యారేజీల ముందున్న దారిలో నడిచి చూడటం. దాన్ని ఫోటోల కార్యక్రమంగా మార్చేస్తున్నారు, అది నాకు నచ్చదు. ఫోన్ జేబులో పెట్టేసి ఒకే గ్యారేజీ ముందు నిలబడండి, మెకానిక్‌లు పిట్ స్టాప్, అంటే రేసు మధ్యలో కారు ఆపి టైర్లు మార్చే పని, ప్రాక్టీస్ చేస్తుంటే ఇంకా మంచిది. ఒక్కో చక్రానికి ముగ్గురు: ఒకడి చేతిలో చక్రం నట్టు తిప్పే గన్, ఒకడు పాత టైరు లాగేవాడు, ఒకడు కొత్తది తొడిగేవాడు. ముందొకడు, వెనకొకడు జాక్ పట్టుకుని. కారు వచ్చి ఆగేలోపే గన్ పట్టుకున్నవాడు మోకాళ్ల మీద ఉంటాడు, అతని చూపు నట్టు రాబోయే చోట గాల్లోనే నిలిచి ఉంటుంది. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ టీమ్ 1.80 సెకన్లలో నాలుగు టైర్లూ మార్చి రికార్డు పెట్టింది. టీవీలో ఆ అంకె చూసి అబ్బో అనుకుని వదిలేస్తాం, దగ్గర నిలబడి ఆ మనుషుల్ని చూస్తే మాత్రం అదే పనిని ఎన్ని వేలసార్లు చేసి ఉంటే ఇలా వస్తుందో అర్థమవుతుంది.

గ్యారేజీ లోపలికి అతిథిగా వెళ్లే అదృష్టం దొరికితే చెవులకి హెడ్‌సెట్ ఇస్తారు. ఇంజనీర్, డ్రైవర్ మాట్లాడుకునేది నేరుగా వినిపిస్తుంది. అక్కడ అరుపులు ఉండవు, హడావుడీ పెద్దగా ఉండదు. టెన్షన్ అంతా మాటలు తగ్గిపోవడంలో తెలుస్తుంది. ఈ రేడియో మాటలు ఇప్పుడు ఫార్ములా వన్ వాళ్ల ఎఫ్‌వన్ టీవీ యాప్‌లో కూడా వినొచ్చు నిజమే, కానీ మాట వింటూ ఆ మాటకి ఎదురుగా ఉన్న మెకానిక్ ముఖం ఎలా మారిందో చూడటం యాప్‌లో దొరకదు.

రేసుకి ముందు గ్రిడ్ మీదకి, అంటే స్టార్ట్ కోసం కార్లు వరసగా నిలబడే చోటికి, వెళ్లే పాస్ అన్నిటికన్నా అరుదు. అక్కడ సెలబ్రిటీల కోసం వెతికేవాళ్లే ఎక్కువ. నేనైతే గడియారం చూడమంటాను. స్టార్ట్‌కి నలభై నిమిషాల ముందు పిట్ లేన్ తెరుస్తారు, కార్లు వచ్చి గ్రిడ్ మీద నిలబడతాయి. స్టార్ట్‌కి పది నిమిషాలుందని చెప్పే సిగ్నల్‌కి అతిథులందరూ బయటికి వెళ్లిపోవాలి. మూడు నిమిషాల సిగ్నల్‌కల్లా కార్లకి టైర్లు బిగించి ఉండాలి, నిమిషం ఉండగా ఇంజిన్లు స్టార్ట్ చేస్తారు. అంత గుంపులో, అంత గోలలో, ఆ మనుషులు సెకను తప్పకుండా పని చేస్తున్నారు, ఆ పక్కనే నిలబడి సెల్ఫీ కోసం వీపు తిప్పుకుంటే పోగొట్టుకునేది చాలా ఎక్కువ.

రేసు వారాంతం మూడు రోజుల్లో ఏ రోజు ముఖ్యం అంటే, అతిథికి శుక్రవారం. ఆదివారం అందరూ వస్తారు, గ్యారేజీల్లో మన వైపు చూసే తీరిక ఎవరికీ ఉండదు. శుక్రవారం గంట చొప్పున రెండు ప్రాక్టీస్ సెషన్లు, మధ్యలో కార్లని విప్పి మళ్లీ బిగిస్తారు, అడిగితే ఓపిగ్గా చెప్పేవాళ్లు ఉంటారు. 2021 నుంచి వచ్చిన స్ప్రింట్ వారాంతాల్లో, అంటే అసలు రేసుతో పాటు ఒక చిన్న రేసు కూడా ఉండేవాటిలో, ఇది కుదరదు, శుక్రవారం ఒక్క ప్రాక్టీస్ అవగానే ఆ చిన్న రేసులో ఎవరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తేల్చే స్ప్రింట్ క్వాలిఫయింగ్ పెట్టేస్తారు, అందరూ ఆదుర్దాలో ఉంటారు. ఎంచుకునే వీలుంటే మామూలు వారాంతమే ఎంచుకోండి. ఇంకో మాట, కనీసం ఒక సెషన్‌కి హాల్ వదిలేసి, మీ పాస్ ఎంతవరకు రానిస్తుందో అడిగి, బ్రేకింగ్ మలుపు దగ్గరికి నడిచి వెళ్లండి. ఇటలీలోని మోంజా ట్రాక్‌లో మొదటి మలుపుకి గంటకి 350 కిలోమీటర్ల దాకా వచ్చిన కారు వందలోపుకి పడిపోతుంది. పై బాల్కనీ నుంచి అది ఎప్పటికీ అర్థం కాదు.

వాన పడితే మాత్రం వీఐపీ గది విలువ వేరు, ఒప్పుకోవాల్సిందే. 2021 బెల్జియం రేసులో స్పా ట్రాక్ పక్కన జనం గంటల తరబడి వానలో తడిశారు, చివరికి వేగాన్ని అదుపులో ఉంచే సేఫ్టీ కారు వెనక రేసు కార్లని నడిపించి సగం పాయింట్లు పంచేసి రేసు అయిందన్నారు. పోటీ అన్నదే జరగలేదు. అంతసేపు బురదలో నిలబడ్డవాళ్లకి పిట్ లేన్ కూడా దూరం నుంచే. అక్కడే నాకు కోపం వస్తుంది. ఈ ఆటని అంత ప్రేమించేవాళ్లకి కారు దగ్గరికి వెళ్లే దారి లేదు, మొన్నటిదాకా టైర్లకి వేర్వేరు రంగులెందుకో తెలియని వాళ్లు గ్యారేజీలో నిలబడుతున్నారు.

వేరేచోట్ల ఇలా లేదు. ఫ్రాన్స్‌లో 24 గంటల రేసు జరిగే లె మాన్స్‌లో రేసు కార్ల తనిఖీని ఊరి నడిబొడ్డున చౌకులో, జనం మధ్యలోనే చేస్తారు. అమెరికా రేసింగ్ సిరీస్ ఇండీకార్‌లో మామూలు అభిమాని ప్యాడక్ పాస్ కొనుక్కుని గ్యారేజీల దాకా వెళ్తాడు. ఫార్ములా వన్‌లో కూడా కొన్ని సర్క్యూట్లలో మూడు రోజుల టికెట్ ఉన్నవాళ్లని గురువారం పిట్ లేన్‌లోకి వదలడం ఉంది. దాన్ని అన్ని రేసులకీ తప్పనిసరి చెయ్యాలి, తాళ్లు కట్టి తోసేసినట్టు కాకుండా కనీసం గంట ఇవ్వాలి, టీమ్‌లు తమ పిట్ స్టాప్ ప్రాక్టీస్‌ని ఆ గంటలోనే పెట్టుకోవాలి. వీఐపీ పాస్‌లు అమ్ముకోవడానికి దీనివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు, హాల్, భోజనం, హెడ్‌సెట్, గ్రిడ్ అన్నీ వాళ్లకే ఉంటాయి.