కూర్చున్నచోటే కుంగ్‌ఫూ

యుద్ధవిద్యల్లో తిరుపతి సాధించిన ప్రగతిని ఇంతవరకు ఏ నివేదికా గుర్తించకపోవడం విచారకరం. కరాటే క్లాసంటే నెలనెలా ఫీజు కట్టాలి, తెల్లారకముందే లేవాలి, తెల్లబట్టలు కుట్టించాలి, ఆపైన వాటిని అమ్మ ఉతకాలి. ఫోన్లో ఫైటింగ్ గేమ్ అయితే ఫీజు లేదు, నెట్ అక్కర్లేదు, మంచం దిగనే అక్కర్లేదు. రెండు బొటనవేళ్లు ఆడితే చాలు. ద్రోణుడు ఏకలవ్యుణ్ని ఏరికోరి బొటనవేలే ఎందుకు అడిగాడో చిత్తూరు పల్లెల్లో వేసవిలో రోజుల తరబడి జరిగే మహాభారత ఉత్సవాలకు హరికథ చెప్పేవాళ్లు ఎన్నేళ్లుగానో చెబుతూనే ఉన్నారు. మనకే ఇప్పటికి అర్థమైంది.

మొన్నామధ్య అలిపిరి మెట్లదారిలో అలాంటి యోధుణ్ని ఒకణ్ని చూశాను. గాలిగోపురం ఇంకా చాలా పైనుంది. వీడు అప్పుడే మెట్టుమీద చతికిలబడి, చొక్కా గుండీలు విప్పి, నోటితో గాలి పీలుస్తున్నాడు. చేతిలో మాత్రం షాడో ఫైట్ 2. తెరమీద నల్లటి నీడమనిషి ఎగిరి పల్టీ కొట్టి, లింక్స్ అనే బాస్ రాక్షసుడి మెడమీద తన్నాడు. ఆ ఎగిరినవాడికి ఆయాసం లేదు, కూర్చున్నవాడికే.

“యాడుండావురా అబ్బయ్యా? రావా?” అని పైనుంచి వాళ్లవ్వ కేకేసింది.

“ఉండవ్వా, బాస్ ఫైట్లో ఉండా!”

ఆమె మెట్టుమెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, లేచి, మళ్లీ వంగుతా పోతోంది. మొత్తం 3550 మెట్లు. ఆమె దగ్గర ఫోనున్నట్టు లేదు. కాబట్టి ఆమెది ఏ విద్య కిందికీ రాదు.

ఈ ఆటలు ఉచితమంటే కొందరు అనుమానపడతారు. 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చినప్పుడు వీడియోగేమ్ పార్లర్‌కు పోయి నాణెం వేస్తేగాని తన్నులు తినే యోగం ఉండేది కాదు. 2014లో ఫోన్లలోకి దిగిన షాడో ఫైట్ 2 పైసా అడగలేదు, ఓపిక అడిగింది. నాలుగైదు పోట్లాటలు కాగానే ఎనర్జీ అయిపోతుంది. అది మళ్లీ నిండేదాకా వీరుడు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి, లేదా డబ్బు పెట్టి జెమ్స్ కొనుక్కోవాలి. తిరుపతివాళ్లకు ఇది ఒకరు నేర్పాలా? మొదటిది సర్వదర్శనం, రెండోది మూడొందల టికెట్టు. (మూడొందల టికెట్టువాళ్లూ నిలబడాల్సిందే అనుకోండి, అది వేరే సంగతి.)

ఇక ఆఫ్‌లైన్ మహిమ. డేటా ఆపేస్తే యాడ్లు రావు. మంచిదే. కానీ చచ్చినవాడు లేవాలంటే, నాణేలు రెట్టింపు కావాలంటే యాడ్ చూడాలి, యాడ్ కావాలంటే డేటా ఉండాలి. ఈ ధర్మసంకటంలో మన కుర్రాళ్లు రోజుకెన్నిసార్లు డేటా వేసి తీస్తున్నారో! ఆపిన ఆ కాసేపూ ఇంటి వాట్సాప్ గ్రూపుకు కూడా విశ్రాంతి దొరుకుతోంది. “వచ్చేటప్పుడు పెరుగు తీసుకురా” అన్న మెసేజ్ ఒంటి టిక్కుతో అలాగే నిలబడి ఉంటుంది.

ఆ వేసవి ఉత్సవాల్లో భారతం ఆడే మిట్టమీద మట్టితో చేసిన దుర్యోధనుణ్ని కూల్చాలంటే భీముడి వేషగాడు పద్దెనిమిదో నాటి కథదాకా ఆగాలి. తొడ ఎక్కడుందో మొదటిరోజే తెలిసినా సరే. మన వీరులు అరనిమిషం యాడ్‌కే అల్లాడిపోతున్నారంటే శిక్షణలో లోపం ఉందనే అర్థం.

అందుకని అధికారులకు నా విన్నపం. ఫోను యోధులకు స్పోర్ట్స్ కోటా వెంటనే ఇవ్వాలి. బెల్టులకు మాత్రం పరీక్ష కఠినంగా ఉండాలి. అభ్యర్థి ముందు ఒక యాడ్ పెట్టాలి. మూలన ఆవగింజంత ఇంటూ గుర్తు వచ్చేదాకా రెప్ప వేయకుండా కాచుకుని, ఒక్క దెబ్బకు సరిగ్గా దానిమీదే పొడిచినవాడికి బ్లాక్ బెల్టు. గురితప్పి ప్లేస్టోర్లో తేలినవాడు రమ్మీ యాప్ దిగేలోపు వెనక్కి రాగలిగితే పసుపు బెల్టు. దిగినాక వచ్చినవాణ్ని తండ్రికి అప్పగించాలి.