అంటుకోని పొయ్యి, అతుక్కున్న గిన్నె

మొన్న బుధవారం తెల్లవారుజామున మా గృహప్రవేశం జరిగింది. జరిగిందనే అందరికీ చెప్పుకుంటున్నాం. ఇంట్లో పిడకల వాసన ఇంకా పోలేదు, మా ఆవిడ నన్ను చూసే చూపూ మారలేదు. అందుకే వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

ఫ్లాటు నిజాంపేటలో, తొమ్మిదో అంతస్తు. మూడేళ్ళు ఆలస్యంగా తాళాలిచ్చిన బిల్డరు, తాళాలతో పాటు ఒక మాట కూడా ఇచ్చాడు. "పైపు గ్యాసు వచ్చే వారం ఆన్ అయిపోతుంది సార్." ఆ వచ్చే వారం ఇంకా వస్తూనే ఉంది. వంటింట్లో గొట్టం ఉంది, మీటరుంది, మీటరుకో సీలుంది. గ్యాసొక్కటే లేదు. పోనీ పాత ఇంటి సిలిండరు తెచ్చుకుందామంటే, పైపు గ్యాసు ఉన్న టవర్లోకి సిలిండర్లు ఎక్కనివ్వం అన్నారు అసోసియేషన్ వాళ్ళు. పైపులో గ్యాసు లేదు కదండీ అంటే, పైపుంది కదండీ అన్నారు. ఆవుని కూడా లిఫ్టెక్కనివ్వం అన్నారు. ఆవుకి బదులు వెండి ఆవు సరిపోయింది. సిలిండరుకి వెండి సిలిండరు చేయించలేం కదా.

అలా నేనూ మా బావమరిదీ కూకట్‌పల్లిలో ఒక షోరూముకి వెళ్ళాం. మా ఆవిడ తనూ వస్తానంది. "పొయ్యే కదా, దానికి ముగ్గురెందుకు" అన్నాను. ఇది అన్నవాడు ఈ యాభై ఏళ్ళలో పొయ్యి మీద పెట్టినవి రెండే: టీ, మళ్ళీ టీ.

నాకు తెలిసి పొయ్యంటే పొయ్యి. అక్కడ చూస్తే ఒక అంతస్తు నిండా ఉన్నాయి. సేల్స్ కుర్రాడు మెడలో ట్యాగు సర్దుకుని, "స్టవ్వు కావాలా సార్, హాబు కావాలా?" అన్నాడు. తేడా ఏమిటన్నాను. "కాళ్ళుంటే స్టవ్వు, రాయిలోకి దిగిపోతే హాబు" అన్నాడు. ఇంత క్లుప్తంగా నాకు జీవితంలో ఎవరూ ఏదీ బోధించలేదు. నల్లటి గాజు పలక, దాని మీద నాలుగు ఇత్తడి బర్నర్లు, పీట మీద పెళ్ళికొడుకులా ఉంది. మంట ఆరితే గ్యాసు తనే ఆగిపోతుందట. మనసు పడ్డాను. అప్పుడడిగాడు, "ఎల్పీజీనా సార్, పీఎన్జీనా?" సిలిండరు గ్యాసా, పైపు గ్యాసా అని.

అది నన్నడిగితే ఏం లాభం, బిల్డర్ని అడగాలి. పైపు గ్యాసు తక్కువ ఒత్తిడితో వస్తుంది కాబట్టి బర్నర్లోకి గ్యాసు చిమ్మే జెట్టు రంధ్రం పెద్దది కావాలట, సిలిండరైతే చిన్నది. ఏ రంధ్రమో తేలితే గానీ హాబు తేలదు. పైగా దాన్ని దింపాలంటే గ్రానైటు కొయ్యాలి. రాళ్ళ మేస్త్రీకి ఫోన్ చేస్తే, "కోస్త సార్, కానీ పగిల్తె నన్ను అనొద్దు" అని పెట్టేశాడు.

తర్వాత ఇన్‌ఫ్రారెడ్‌ది చూపించాడు. గాజు కింద తీగ చుట్ట ఎర్రగా కాలుతుంది, ఏ గిన్నె పెట్టినా ఒప్పుకుంటుంది. "పాత హీటరుకి గాజు మూత పెట్టినట్టుంది" అని నేను నవ్వాను. ఏ గిన్నె పెట్టినా ఒప్పుకుంటుందన్న మాట నా చెవిన పడింది కూడా. పడి, అటునుంచి వెళ్ళిపోయింది.

మా బావమరిది గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు. "బావా, రేపటి వంటంతా ఇండక్షన్ మీదే" అన్నాడు. గ్యాసు వేడిలో చాలా భాగం గిన్నె పక్కనుంచి గాల్లోకే పోతుందని కూడా చెప్పాడు. కుర్రాడు అందుకుని, నా దగ్గరే ఐదువందల నోటు అడిగి తీసుకుని, గాజు పలక మీద పరిచి, దాని మీద గిన్నె పెట్టి నీళ్ళు మరిగించాడు. నీళ్ళు బుడబుడలాడాయి, నోటు నలగను కూడా లేదు. అంతటి మహిమ చూశాక ఏం చేస్తాను, ఆ నోటుతో పాటు ఇంకో పద్ధెనిమిది నోట్లు వాడి చేతిలోనే పెట్టి, రెండు వలయాల ఇండక్షన్ పొయ్యి ఆటోలో వేసుకుని వచ్చేశాను. ఎంతసేపు మాట్లాడాడో ఆ కుర్రాడు! వారంటీ, ఈఎంఐ, ఎక్స్‌టెండెడ్ వారంటీ, నా పుట్టినరోజు, నా పెళ్ళిరోజు, అన్నీ అడిగాడు. మీ ఇంట్లో ఏ గిన్నెలున్నాయి సార్ అని మాత్రం అడగలేదు.

ఇక బుధవారం. ముహూర్తం 4:37కి మొదలు, 4:58కి దాటిపోతుంది. గుమ్మం, గుమ్మడికాయ, అన్నీ సవ్యంగా అయ్యాయి. ఆగ్నేయం మూల తూర్పు ముఖంగా మా ఆవిడ నిలబడింది. మా అమ్మ కొత్త ఇత్తడి గిన్నెకి పసుపు రాసి, బొట్లు పెట్టి, పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. పంతులుగారు "కానివ్వండమ్మా, తూర్పుకి పొంగాలి" అన్నారు. మా ఆవిడ మీట తాకింది.

టింగ్.

తెర మీద ఇంగ్లీషు E అక్షరం, పక్కన సున్నా.

టింగ్. టింగ్. పంతులుగారి మంత్రానికి సరిగ్గా తాళం వేస్తున్నట్టు. ఆయన ఒకటి రెండు సార్లు ఆగి చూశారు, అదీ ఆగింది. మళ్ళీ మొదలెట్టారు, అదీ మొదలెట్టింది. "ఒరేయ్, పొయ్యి ఏదో అంటోందిరా" అంది మా అమ్మ. మా బావమరిది ఫోన్లో వెతికి, "గిన్నె లేదంటోంది బావా" అన్నాడు. గిన్నె ఎదురుగా ఉంది, బొట్టు పెట్టుకుని మరీ ఉంది. లేదంటుందేమిటి?

అప్పుడు తెలిసింది. ఈ పొయ్యిలో మంటా ఉండదు, వేడీ ఉండదట. లోపల రాగి చుట్ట ఒకటి సెకనుకి వేలసార్లు అటూ ఇటూ మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తే, గిన్నెలో ఉన్న ఇనుమే ఉడుకెత్తి కాలుతుందట. ఇత్తడిని అది గిన్నెగా గుర్తించదు. రాగీ అంతే, సత్తు గిన్నే అంతే. మా అమ్మ విద్యానగర్ ఇంటి నుంచి ముందుగా చేరవేసిన సామానంతా ఇత్తడి, సత్తు, ఇంకా ఒక రాచ్చిప్ప. పులుసు కోసం తెచ్చిన ఆ రాచ్చిప్పని పెట్టి కూడా చూశాం. ఎందుకు చూశామో నాకు తెలీదు, 4:41 అయింది, చూశాం.

"స్టీలు గిన్నెలు?" అన్నారెవరో. వంటింట్లో లేవు. కానీ హాల్లో మూల చదివింపుల కుప్ప ఉంది. రంగు కాగితాలు చుట్టి, రిబ్బన్లు కట్టి, పైన పేర్లు రాసి. అందులో సగం స్టీలే, మనవాళ్ళ చదివింపుల సంగతి మీకు తెలియనిదా.

ఇచ్చినవాళ్ళ ఎదురుగా, వాళ్ళింకా కాఫీ కూడా తాగకుండానే, వాళ్ళు చుట్టిన కాగితాలు పరపరా చింపడం మొదలుపెట్టాం. అదొక్కటే అయితే ఫర్వాలేదు. ఏది పనికొస్తుందో చూడాలంటే అయస్కాంతం అంటించాలట. మా బావమరిది కిందికి పరుగెత్తి కారులో ఫోను తగిలించే బిళ్ళ ఊడబీక్కొచ్చాడు. ఒక్కో గిన్నె బయటికి తీయడం, అడుగున బిళ్ళ పెట్టడం, అది జారి పడటం, "ఇది పనికిరాదు" అని గట్టిగా ప్రకటించడం, పక్కన పడేయడం. ఆ "పనికిరాదు" వినిపించినప్పుడల్లా హాల్లో ఒక కుటుంబం ముఖం ముడుచుకుంటోంది. వాడికది పట్టలేదు. ఎయిర్‌పోర్టులో సంచులు తనిఖీ చేసేవాడి దీక్షలో ఉన్నాడు.

మా ఆవిడ వాళ్ళ పిన్ని తెచ్చిన గిన్నె వచ్చింది. దిట్టంగా, అద్దంలా మెరుస్తోంది. బిళ్ళ పెట్టారు. జారింది. "పనికిరాదు." పిన్నిగారు కొంగు సర్దుకుని కిటికీలోంచి బయటికి చూశారు. బయట చీకటి తప్ప ఏమీ లేదు.

తర్వాత మా మేనత్తది. రెండు లీటర్ల గిన్నె, మూతతో సహా. బిళ్ళ పెట్టగానే ఠక్కున అతుక్కుంది. అతుక్కోవడమంటే మామూలుగా కాదు, గిన్నె తిరగేసి ఊపినా ఊడలేదు. మేనత్త చప్పట్లు కొట్టింది. నిజంగానే. "చూశావురా అబ్బాయ్, మాది అతుక్కుంది! వస్తువంటే అలా ఉండాలి. కొందరు పైపై మెరుపులు చూసి కొంటారు" అని కిటికీ వైపు చూసి మరీ అంది.

అక్కడితో ఆగినా బాగుండేది. 4:46. పాలు ఆ గిన్నెలో పోసేస్తే అయిపోయేది. కానీ పిన్నిగారి భర్త, అంటే మా ఆవిడ వాళ్ళ బాబాయి, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో ముప్ఫై ఏళ్ళు లోహాలతో కాపురం చేసి రిటైరైన మనిషి. సోఫాలోంచి లేచారు. "అల్లుడుగారూ, ఒక్క మాట. ఎవర్నీ ఉద్దేశించి కాదు" అన్నారు. ఎవరైనా అలా మొదలుపెట్టారంటే ఎవర్ని ఉద్దేశించో ఊళ్ళో అందరికీ తెలుస్తుంది.

మంచి స్టీలు అయస్కాంతానికి అంటదట. 304 రకమంటే అందులో నూటికి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్. ఆ నికెల్ వల్లే అంటుకోదు, ఆ నికెల్ వల్లే ఖరీదు. ఇంకో రకం ఉంది, 430 అంటారు, అందులో నికెల్ దాదాపు ఉండదు, అయస్కాంతం చక్కగా అతుక్కుంటుంది, చవగ్గా వస్తుంది. "బేగంబజార్లో తెలిసినవాళ్ళు కొనేముందు అయస్కాంతం పెట్టి చూస్తారు. అంటుకుంటే వదిలేస్తారు" అన్నారు ఆయన, తీరిగ్గా.

హాల్లో చప్పుడు లేదు. పొయ్యి మాత్రం టింగ్ అంది.

ఆయనది న్యాయబుద్ధి. "అలాగని తీర్పు చెప్పలేం. మంచి కంపెనీలు 304 గిన్నెకే అడుగున ఇనుప జాతి పొర ఒకటి అదనంగా అతికించి ఇండక్షన్‌కి పనికొచ్చేలా చేస్తాయి. ఇదీ అలాంటిదేమో" అని మేనత్త గిన్నె అందుకుని, జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, గిన్నె తిరగేసి, అంచు వెంట వేలు పోనిచ్చి, దీపం దగ్గరికి తీసుకెళ్ళి, వేలితో కొట్టి శబ్దం విని, మూత కూడా విడిగా కొట్టి విని, "లేదు" అన్నారు.

4:50.

పాలు పోశాం. ఆ చవక గిన్నె ఎంత గొప్పదో చెప్పలేను, రెండు నిమిషాల్లో పాలు అంచుకొచ్చాయి. అందరం వంటింటి గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఫోన్లు పైకి లేచాయి. నురగ ఉబ్బింది, వంగింది, బిల్డరు వేసిన గ్రానైటు ఏ వాలులో ఉందో గానీ తూర్పుని పూర్తిగా మరిచిపోయి పడమటికి, సరిగ్గా మీటల మీదికి దిగింది. మీటలు తడిస్తే ఆ పొయ్యి తనంతట తనే ఆరిపోతుందట. భద్రత కోసం. పొంగకుండా చూడటం దాని ధర్మం, పొంగించడం మా ధర్మం. అది కేర్‌మని ఒక్క కూత కూసి ఆరిపోయింది. పాలు గిన్నెలోకి దిగిపోయాయి.

"పడమటికి పొంగితే ఏమన్నా దోషమాండీ?" అంది మా అమ్మ వణుకుతూ.

పంతులుగారు గిన్నెలోకి తొంగి చూశారు. "పొంగలేదమ్మా. ఒలికింది" అన్నారు. అని, శిష్యుడి వైపు తిరిగి, "బండి డిక్కీలో సంచి తే" అన్నారు. ఆ సంచిలో పిడకలు, కర్పూరం. ఈ మధ్య కొత్త ఫ్లాట్లన్నిట్లోనూ ఇదే గోలట, ఆయన ఎప్పుడూ స్టాకు ఉంచుకుంటారట. ఇదేదో గంట ముందే చెప్పొచ్చు కదా అంటే, "మీ పొయ్యి మీద మీకు నమ్మకం ఉన్నట్టుంది కదా బాబూ" అన్నారు.

ఇటుకలు ఎక్కడివో అడక్కండి, పక్క టవరు ఇంకా కడుతున్నారు. 4:57కి పాలు పొంగాయి. తూర్పుకే. నేల మీద తెల్లటి టైలు మాత్రం పెనం అంత మేర నల్లబడింది, రుద్దితే పోవడం లేదు.

షోరూముకి ఫోన్ చేశాను. పాలొలికి వాడినట్టు తెలుస్తోంది కాబట్టి వాపసు తీసుకోరట. ఇత్తడి గిన్నె కింద పెట్టుకోవడానికి ఇనుప పళ్ళెం లాంటిదొకటి అమ్ముతారట, కావాలంటే అది కొనుక్కోమన్నాడు అదే కుర్రాడు. దాని మీద వారంటీ లేదట. బిల్డరుకి ఫోన్ చేశాను. వచ్చే వారమన్నాడు.

పిన్నిగారి గిన్నె అల్మరాలో పైన, అందరికీ కనిపించేలా పెట్టింది మా ఆవిడ. అందులో ఏమీ వండలేం. వండగలిగేది ఒక్క మేనత్త గిన్నెలోనే. ప్రొద్దున్న కాఫీకి పాలు అందులోనే, తర్వాత కడిగి పప్పు అందులోనే, పప్పు ఇంకోదాన్లోకి వంచి, కడిగి, అన్నమూ అందులోనే. మేనత్త మా అమ్మకి ఫోన్ చేసి, బిల్లు తన దగ్గరే ఉందని, ఆదివారం భోజనానికి వచ్చి ఆ బాబాయిగారి నోటితోనే చదివిస్తానని చెప్పిందట. ఆయన్ని కూడా పిలవమంది.

పప్పు ఉడికినట్టుంది. గిన్నె ఖాళీ చేసి కడగడం నా వంతు, మా ఆవిడ పిలుస్తోంది.