కౌంటరు పక్కన ఒక నీళ్ల తొట్టి

మన విమానాశ్రయాల్లో ప్రతి చెకిన్ కౌంటరు పక్కనా ఒక ఉప్పునీళ్ల తొట్టి పెట్టించాలని పౌర విమానయాన శాఖవారికి సవినయంగా విన్నవించుకుంటున్నాను. పెద్దది అక్కరలేదు. పెళ్లిలో వధూవరుల చేత ఉంగరం వెతికించే బిందె చాలదు గానీ, పాడిగేదె ముందు పెట్టే కుడితి తొట్టి పాటిదైతే సరిపోతుంది.

నా కోరికకు శాస్త్రం అండ ఉంది. నేను సముద్రంలో మునిగి ఫొటోలు తీస్తుంటాను. అందుకు కెమెరాను హౌసింగ్ అనే అల్యూమినియం పెట్టెలో బిగించాలి. దాని ముందు బోర్లించిన గాజు గిన్నె లాంటి డోమ్, అటూ ఇటూ పీత కాళ్ల లాంటి కడ్డీలు, వాటి చివర స్ట్రోబులనే ఫ్లాష్ దీపాలు. ఈ సరంజామా అంతా నీళ్లలోకి దించితే, ఆర్కిమిడీస్ పుణ్యమా అని, చేతికి బరువే తెలియదు. కడ్డీలకు తేలుడు గొట్టాలు సరిగ్గా తగిలిస్తే, వదిలేసినా మునగదు, పైకీ పోదు, చెప్పినచోట నిలబడుతుంది. ఇంత సాధువైన వస్తువును ఒడ్డున పెట్టి, ఉత్త గాలిలో తూచి, బరువెక్కువైందని పదిమందిలో నిలదీయడం ఏం మర్యాద? తొట్టిలో మంచినీళ్లు మాత్రం వద్దు. ఉప్పునీళ్లలో వస్తువు ఇంకొంచెం తేలిక. తూకం దగ్గర కొసరు అడగడం మన హక్కు.

తొట్టి వచ్చేదాకా బ్యాగుతోనే నెట్టుకురావాలి. మన దేశంలో విమానంలోకి వెంట తీసుకెళ్లే బ్యాగుకు మామూలుగా చెప్పే హద్దు 7 కిలోలు. అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవి 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. నేను మునగబోయే ఊళ్ల పేర్లన్నీ మారాయి గానీ, ఆ 7 మాత్రం చెక్కు చెదరలేదు.

మూడు నెలలు వెతికి బ్యాగు కొన్నాను. మెత్తటి భుజం పట్టీలు, నడుముకు బెల్టు, లోపల ఎటు కావాలంటే అటు జరుపుకునే అరలు, అడుగున దాచిన వానతొడుగు. 100 మీటర్ల లోతును తట్టుకునే పెట్టె మీద చినుకు పడకుండా వానతొడుగు! ఆ ముందుచూపుకే పడిపోయాను. ఒక్కటే లోపం. ఏమీ పెట్టకముందే బ్యాగు 2.6 కిలోలుంది. 7 కిలోల జీతంలో 2.6 కిలోలు ఇంటద్దెకే పోయాయన్నమాట.

ప్రయాణానికి ముందురోజు రాత్రి వంటింటి గుమ్మానికి త్రాసు వేలాడదీసి లెక్క చూశాను. బ్యాగు 2.6, హౌసింగ్ 2.4, కెమెరా, లెన్సులు 1.5, డోమ్ 0.9, స్ట్రోబులు 1.6, కెమెరా బ్యాటరీలు, పవర్ బ్యాంకు 0.5. వెరసి 9.5.

"ఏమండీ, సగం చెకిన్ సామానులో వేయవచ్చు కదా?" అంది మా ఆవిడ.

విడి లిథియం బ్యాటరీలు చెకిన్‌లో వేయకూడదని, గాజు డోమ్ ఆ విసురులకు ఆగదని విడమరిచి చెప్పాను. ఆమె మారు మాట్లాడకుండా మా అబ్బాయి పాత కాలేజీ బ్యాగు తెచ్చింది. జిప్పు లాగే చోట పిన్నీసు ఉంది. బరువు 600 గ్రాములు. డోమ్ గిన్నెలో నా మేజోళ్లు కుక్కి, హౌసింగ్‌కు లుంగీ చుట్టి, అన్నీ సర్ది త్రాసుకు తగిలించింది. 7.5. బ్యాటరీలు తీసి నా చొక్కా జేబులో వేసింది. సరిగ్గా 7. "పైగా ఇందులో లక్షల సామాను ఉందని ఎవరూ అనుకోరు" అంది.

దానికి నడుము బెల్టు లేదన్న సాంకేతిక కారణంతో తిరస్కరించాను.

మర్నాడు కౌంటరు దగ్గర అంకె మారలేదు. "సర్, రెండున్నర కిలోలు ఎక్కువండి" అంది ఆ అమ్మాయి. చేతి సంచితో పాటు ఓవర్‌కోటు, గొడుగు, చేతికర్ర, కెమెరా విడిగా తీసుకెళ్లవచ్చని మన పాత నియమాల్లో ఉందని గుర్తుచేశాను. ఆమె నా చేతికర్ర కోసం వెతికినట్టు అటూ ఇటూ చూసింది. అప్పుడు కోటు తొడిగాను. ఏప్రిల్ నెల, శంషాబాద్, కోటు. చెరో జేబులో ఒక స్ట్రోబ్, మెడలో కెమెరా, లెన్సులు లోపలి జేబుల్లో. బ్యాగు 6.4కి దిగింది. ఆమె చీటీ కట్టింది. నాలుగడుగులు వేసి, స్తంభం చాటున అన్నీ మళ్లీ బ్యాగులో పెట్టేశాను. ఆమె చూసింది. విమానానికి మాత్రం ఏ తేడా తెలియలేదు.

తనిఖీ దగ్గర హౌసింగ్‌ను ట్రేలో పెట్టించారు.

"ఇది ఏమిటి?"

"నీళ్లలో వాడే పెట్టె సార్."

"లోపల నీళ్లున్నాయా?"

"లేకుండా చూడటమే దీని పని సార్."

మూత వదులుగా ఎందుకుందని అడిగారు. పైకి వెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గుతుంది. బిగించిన పెట్టెలోని గాలి సందు చూసుకుని బయటపడితే, కిందికి దిగాక మూత ఊడిరాదు. అందుకే మూతకుండే ఓ-రింగ్ అనే రబ్బరు చుట్టు తీసి విడిగా పెట్టుకోవాలి. ఇదంతా శ్రద్ధగా విని, కెమెరాను పెట్టెలో బిగించే నా అలెన్ కీ తీసుకుని పంపించారు.

అలాంటి అలెన్ కీనే స్వరాజ్ ద్వీప్‌లో స్కూటర్లు అద్దెకిచ్చే కుర్రాడు అరువిచ్చాడు. దానితో బిగించుకుని నీళ్లలో దిగి, చిటికెనవేలి గోరంత సముద్రపు నత్తను 40 ఫొటోలు తీశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ మొదటిది చూసి, జలగా అని అడిగింది. కొత్త బ్యాగు అటకెక్కింది. వానతొడుగు మాత్రం మా గ్రైండరుకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

ఈ విన్నపాన్ని పంపేముందు ఆమెకు చదివి వినిపించాను. ఒకే ఒక్క సవరణ చెప్పింది: తొట్టి పక్కన తువ్వాలు కూడా పెట్టించమని రాయమంది.