సొంత మిత్రులను దూరం చేసుకున్న వూడూ

కంప్యూటర్ ఆటల కోసం వూడూ అనే గ్రాఫిక్స్ చిప్పులు చేసిన త్రీడీఎఫ్‌ఎక్స్, తన ఆస్తులను పోటీ సంస్థ ఎన్విడియాకు అమ్మేస్తున్నట్టు 2000 డిసెంబరు 15న ప్రకటించింది. ఆ పతనానికి అప్పటి నుంచీ ఒకటే కారణం చెబుతున్నారు: ఎన్విడియా వేగాన్ని అందుకోలేకపోయిందని. ఈ మాటను నేను ఒప్పుకోను. తనను బతికించిన వాళ్లను ఆ సంస్థ తన చేతులతోనే వదిలించుకుంది.

వాళ్లెవరో గుర్తు చేసుకోవాలి. 1994లో కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో రాస్ స్మిత్, గ్యారీ టారోలీ, స్కాట్ సెల్లర్స్ మొదలుపెట్టిన ఈ సంస్థ చిప్పులు మాత్రమే రూపొందించేది. 1996లో వచ్చిన వూడూ చిప్పుతో కార్డులు చేసి దుకాణాలకు చేర్చినవి డైమండ్, ఆర్కిడ్ వంటి కంపెనీలు. త్రీడీ తప్ప మరో పని రాని కార్డు అది. మామూలు గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండాలి, దాని నుంచి మానిటర్‌కు వెళ్లే తీగను వూడూ గుండా తిప్పాలి. కొన్ని కార్డుల్లో ఆట మొదలవగానే లోపల రిలే అనే చిన్న స్విచ్చు టక్కుమనేది. మెమరీ ధరలు పడిపోయిన ఆ ఏడాది, నాలుగు మెగాబైట్ల ఈ కార్డు ఖరీదైన వర్క్‌స్టేషన్ల దృశ్యాలను ఇంటి కంప్యూటర్‌లోకి తెచ్చింది. 1998 నాటి వూడూ2 కార్డులను రెండింటిని జత చేస్తే, తెర మీది గీతలను అవి చెరి సగం పంచుకుని గీసేవి.

అంత వెలుగులో ఉండగానే, అదే ఏడాది డిసెంబరులో, కార్డులు తయారు చేసే ఎస్‌టీబీని కొంటున్నట్టు త్రీడీఎఫ్‌ఎక్స్ ప్రకటించింది. ఇక వూడూ3 కార్డులు తన పేరుతోనే, తన ఫ్యాక్టరీ నుంచే. లాభమంతా తనకే మిగులుతుందని లెక్క వేసుకుంది. నిన్నటిదాకా దాని చిప్పులు అమ్మిన కంపెనీలు మాత్రం వేరే చిప్పు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎన్విడియా అడిగిన ప్రతివారికీ అమ్మింది. క్రియేటివ్ వంటి పేరున్న సంస్థలు ఆ చిప్పులతోనే అంగళ్లు నింపాయి. కొత్త చిప్పు మీద ఉండాల్సిన త్రీడీఎఫ్‌ఎక్స్ ధ్యాస, డబ్బు ఫ్యాక్టరీ మీదకు, సరుకు నిల్వల మీదకు మళ్లాయి.

వూడూ3 ఆటలను 16 బిట్ల రంగుల్లోనే, అంటే తక్కువ రంగుల్లోనే చూపిందనీ, 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256 వచ్చి జ్యామితి లెక్కలను కూడా చిప్పులోకి తెచ్చిందనీ అంటారు. రెండూ నిజాలే. కానీ ఒక తరంలో వెనుకబడిన సంస్థ మరో తరంలో లేచి నిలబడవచ్చు. మరో గ్రాఫిక్స్ చిప్పుల సంస్థ ఏటీఐ 2002లో రేడియాన్ 9700తో నిలబడింది. ఆ కాలంలోనే అది తన చిప్పులను ఇతర కార్డు తయారీదారులకూ ఇవ్వడం మొదలుపెట్టింది.

నన్ను ఎక్కువగా కలచివేసేది గ్లైడ్ సంగతి. ఆటలు వూడూతో మాట్లాడే భాష అది, మరో చిప్పుకు అర్థం కాదు. దాన్ని ఇతర కార్డుల మీద నడిపించాలని చూసినవారిని కంపెనీ చట్టం పేరుతో అడ్డుకుంది. చివరికి 1999లో గ్లైడ్ సోర్స్ కోడ్‌ను తానే బయటపెట్టింది. ఆలస్యమైనా ఆ పనికి చేతులెత్తి నమస్కరిస్తాను.

కార్డులు కొన్నవారికి ఆ పాటి దయ కూడా దక్కలేదు. ఎన్విడియా పేటెంట్లు తీసుకుంది, పాత కార్డుల బాధ్యత తీసుకోలేదు. 2000లో వూడూ5 కొన్నవారు కొన్ని నెలలకే దిక్కులేనివారయ్యారు. ఆ తర్వాత డ్రైవర్లను, అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్‌ను, అభిమానులే సరిచేసుకుంటూ వచ్చారు. ఈరోజు ఫోను, టీవీ, ఇంటి కెమెరా ఏది కొన్నా మన పరిస్థితి అదే. కంపెనీ చేతులెత్తేస్తే చక్కగా పనిచేసే వస్తువు కూడా చెత్తబుట్టకు చేరుతుంది. అందుకే చట్టం కావాలి. ఒక వస్తువుకు మద్దతు ఆపేసిన రోజునే దాని డ్రైవర్ కోడ్‌నూ హార్డ్‌వేర్ వివరాలనూ అందరికీ ఇవ్వాలని అందులో రాయాలి. వ్యాపార రహస్యమనే సాకు పాతికేళ్ల నాటి చిప్పుకు చెల్లదు. త్రీడీఎఫ్‌ఎక్స్ నుంచి కొన్నవాటిలో తన దగ్గర మిగిలినదంతా బయటపెట్టి ఎన్విడియాయే ఈ పని మొదలుపెట్టవచ్చు, ఏ చట్టమూ వచ్చేదాకా ఆగకుండా.