డియెంగ్ వాలు మీద బంగాళాదుంప

గత జూలై చివర్లో, జకార్తాలోని మన తెలుగువాళ్ల సంఘం యాత్రలో, ఒక తెల్లవారుజామున ఇండోనేషియాలోని జావా దీవి నడుమ డియెంగ్ పీఠభూమిలో, సెంబుంగన్ అనే ఊరి పొలం గట్టు మీద నిలబడి ఉన్నాను. సముద్రమట్టానికి దాదాపు 2,300 మీటర్ల ఎత్తు. జావాలో ఇంతకన్నా ఎత్తయిన ఊరు లేదని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. భూమధ్యరేఖ దగ్గరే ఉన్నా, ఆ ఉదయం గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకుని ఉంది. మాకు బస ఇచ్చిన ఇంటాయన లుంగీలాంటి సారంగ్‌ను దుప్పటిలా కప్పుకుని, బంగాళాదుంప మొక్కల మీద గొట్టంతో నీళ్లు కొడుతున్నారు. ఎండ తగిలేలోపు ఆ మంచు కడుక్కుపోవాలి. లేదంటే మధ్యాహ్నానికల్లా ఆకు నిప్పు సోకినట్టు నల్లబడుతుంది. ఆ మంచుకు వాళ్లు పెట్టిన పేరు 'ఎంబున్ ఉపాస్'. విషపు మంచు.

"పాక్ (అయ్యా), ఎంత దక్కుతుంది?" అని అడిగాను. "గొట్టం అందినంత మేర" అన్నారు, చేతిలో పని ఆపకుండానే.

అదే సమయానికి మాతో వచ్చినవాళ్లందరూ పక్కనున్న సికునిర్ కొండెక్కి సూర్యోదయం చూస్తున్నారు. చూడదగినదే. కానీ తిరుగు ప్రయాణంలో బస్సులో ఒకరు, "బంగారంలాంటి కొండల్ని వీళ్లు చేజేతులా బోడి చేసుకున్నారు" అన్నారు. చాలామంది అవునన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

జకార్తాలో ఉండే మనకు డియెంగ్ అంటే ముందుగా గుర్తొచ్చేది గుళ్లు. అర్జున, పుంతదేవ, శ్రీకండి, భీమ, ఘటోత్కచ అన్న పేర్లు వినగానే మనసు పొంగిపోతుంది. ఆ పేర్లు తోలుబొమ్మలాట కథల నుంచి స్థానికులు చాలా కాలం తర్వాత పెట్టుకున్నవి. అసలు అవి శైవాలయాలు, 1,200 ఏళ్ల నాటివి. అక్కడ దొరికిన ఒక శాసనం 809వ సంవత్సరానిది. ఇవన్నీ మన పిల్లలకు తప్పక చూపించాలి. అయితే గుడి ప్రాకారం దాటిన మరుక్షణం మొదలయ్యే మడిలో నడుం వంచి పనిచేసే మనిషి మన ఫొటోలో వెనక కనిపించే దృశ్యంగా మిగిలిపోకూడదు. వాళ్ల భాషలో 'దేశ' అంటే ఊరు. మనం దేశమంతా అన్నంత విశాలంగా వాడే మాటను వాళ్లు తమ ఊరికి పెట్టుకున్నారు. ఆ ఊరిని ఊరిగానే చూడాలని నా కోరిక.

కొండలు బోడివన్నది నిజమే. శిఖరం దాకా దుంప మళ్లే. 1980ల నుంచి ఇక్కడ బంగాళాదుంప ఊపందుకుంది. అంతకుముందు పొగాకు, మొక్కజొన్న, క్యాబేజీ ఉండేవి. దుంప వచ్చాక పెంకుటిళ్లు మేడలయ్యాయి, మోటారు సైకిళ్లు వచ్చాయి, కొందరు హజ్ యాత్రకు వెళ్లొచ్చారు. 1998లో అధ్యక్షుడు సుహార్తో దిగిపోయాక పాలన సడలిన రోజుల్లో, పైనున్న అడవి కూడా చాలావరకు మళ్లుగా మారింది. అది తప్పే. కానీ ఆ తప్పులో కొన్న మార్కెట్టుకూ, తిన్న పట్నానికీ వాటా లేదా?

బోదెలు, అంటే దుంప నాటే మట్టి కట్టలు, చూడండి. వాలుకు అడ్డంగా తీస్తే మట్టి నిలుస్తుందని మనం బస్సులో కూర్చుని తేలిగ్గా చెప్పేస్తాం. వాళ్లు మాత్రం పైనుంచి కిందికి, నిలువునా తీస్తారు. కారణం అడిగితే ఇంటాయన ఒక మొక్కను పెకలించి చూపించారు. దాని కింద రెండు దుంపలు మెత్తబడి, వేలు పెడితే దిగబడేలా ఉన్నాయి. నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది, ఆకుమాడు తెగులు అంటుకుంటుంది. నీళ్లు జారిపోవాలంటే బోదె నిలువుగానే ఉండాలి. నిలువుగా ఉంటే వానతో పాటు మట్టీ జారిపోతుంది. పోయిన మట్టి బదులు కోళ్ల ఎరువు కొనాలి. ఆ బస్తాలను ఆడవాళ్లు వీపున మోసుకుంటూ ఎక్కడం చూశాను. అంత నిటారు దారిలో నేను ఖాళీ చేతులతో ఆయాసపడ్డాను.

ఎరువు, మందు, విత్తు దుంప, అన్నీ అప్పు మీదే. అప్పిచ్చేది 'తెంకులక్' అనే దళారి. పంట కొనేదీ అతనే, ధర చెప్పేదీ అతనే. మాది వరంగల్ వైపు పత్తి పండించే ఊరు. విత్తనాలు, మందులు ఉద్దెర తెచ్చిన కొట్టుకే పత్తి అమ్మి, లెక్క తీరక మళ్లీ ఉద్దెర రాయించుకునే మా నాన్నను చూస్తూ పెరిగాను. అందుకే, రైతు తన నేలను తానే పాడు చేసుకున్నాడన్న మాట నా చెవికి ఎక్కదు.

జారిన మట్టి ఊరి పొలిమేరతో ఆగదు. డియెంగ్‌లోని ఒక ఊటలో పుట్టిన సెరాయు నది బంజర్‌నెగరా మీదుగా హిందూ మహాసముద్రానికి పోతుంది. దారిలో 1988లో పూర్తయిన మ్రిచా జలవిద్యుత్ జలాశయం ఉంది. అందులో ఇప్పుడు నీటికన్నా ఒండ్రు గురించే ఎక్కువ మాట్లాడుకుంటున్నారు.

చెట్లు నాటమని రైతుకు అందరూ చెబుతున్నారు. దుంప సుమారు నూరు రోజుల్లో చేతికి వస్తుంది. కాస్త దిగువ వాలుల్లో పెరిగే కాఫీ మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు. మధ్యలో ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి, దళారి బాకీ ఎవరు తీర్చాలి? నా మటుకు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పని సలహా సలహా కాదు. మన అరకు, పాడేరు కొండల్లో పోడు చేసుకునే గిరిజనులు సిల్వర్ ఓక్ నీడన కాఫీ వైపు మళ్లారంటే, దాని వెనక గిరిజనాభివృద్ధి సంస్థ, కాఫీ బోర్డు దశాబ్దాల పాటు పెట్టిన డబ్బు, ఓపిక ఉన్నాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చప్పట్లు కొట్టాం, మంచిదే. ఆ ఎదురుచూపుల ఏళ్ల ఖర్చు కూడా గుర్తుంచుకోవాలి.

ఇక్కడా దారులు లేకపోలేదు. 2014 గ్రామ చట్టం తర్వాత, 2015 నుంచి జకార్తా ఖజానా నుంచి ప్రతి ఊరికీ నేరుగా నిధులు వస్తున్నాయి. జలాశయం కరెంటు వాడుకునేవాళ్ల నుంచి వసూలయ్యే దానిలో కొంత పైవాలు రైతుకు చెట్టు కాపుకొచ్చేదాకా కూలిగా ఇవ్వడం న్యాయమని నా వాదన. మట్టి ఆగితే లాభం కిందివాళ్లకే కదా. ఊళ్లోవాళ్లు చేతనైనంత చేస్తూనే ఉన్నారు. గట్ల వెంట కారికా చెట్లు పెంచుతున్నారు. అది బొప్పాయికి చిట్టి చెల్లెలు. దాన్ని పాకంలో ఊరవేసి గాజు సీసాల్లో అమ్ముతారు. బోదెల మీద దుంప, గట్టు మీద కారికా. చిన్న మార్పే, కానీ వేళ్లు మట్టిని పట్టుకుంటాయి.

వాళ్లను ఊరు వదిలి దిగువకు పొమ్మనే పెద్దలూ ఉన్నారు. 1979 ఫిబ్రవరిలో సినిలా అగ్నిపర్వత బిలం దగ్గర నేలలోంచి పొంగిన కార్బన్ డయాక్సైడ్‌కు 140 మందికి పైగా ప్రాణాలు పోయాయి. చాలామంది పారిపోతూ దారిలోనే కూలిపోయారు. ఆ తర్వాత కూడా ఇక్కడి రైతులు ఇదే నేలను నమ్ముకున్నారు. ఈ మట్టికి సారమిచ్చిందీ ఆ అగ్నిపర్వతమే.

మన సంఘం ఏటా డియెంగ్ యాత్ర పెడుతుంది. కార్యవర్గానికి నా విన్నపం: ఈసారి ఒక రోజు పెంచండి. పిల్లల్ని గుళ్లకు తీసుకెళ్లినట్టే మళ్లలోకీ తీసుకెళ్దాం. హోటలు బదులు ఊరి ఇళ్లలో ఉందాం. కారికా సీసాలు ఊళ్లోనే కొందాం. ఉగాది విరాళాల్లో కొంత భాగం, చెట్ల వైపు మళ్లే రెండు మూడు కుటుంబాలకు మొదటి ఏళ్ల ఖర్చుగా ఇద్దాం. మొక్కలు పంచడం కన్నా ఆ ఏళ్లు గడిపించడమే కష్టమైన పని.

ఈ మధ్య ఇంటాయనకు ఫోను చేశాను. ఆ ఉదయం గొట్టం అందని పై మూడు బోదెలు మాడిపోయాయట. మిగతాది తవ్వే రోజులు దగ్గరపడ్డాయి, రండి అన్నారు. బస్తాలు కిందికి దించడానికి మనుషులు కావాలట.